అమెరికా స్వాతంత్ర్య పోరులో ఎవరి చేతిపని వాళ్లకు ఆయుధం

1782 ఏప్రిల్ 8న అమెరికాలోని డెలావేర్ అఖాతంలో రెండు ఓడలు తలపడ్డాయి. ఒకటి బ్రిటిష్ నౌకాదళానిది, పేరు జనరల్ మంక్. రెండోది పెన్సిల్వేనియా వాళ్లు తమ వర్తకుల సరుకు కాపాడుకోవడానికి ఒక వ్యాపార ఓడకు 16 ఫిరంగులు బిగించి దించింది. దాని పేరు హైదర్ అల్లీ. అవును, మన హైదర్ అలీ పేరే. ఆ రోజుకి ఆయన ఆర్కాటు సీమలో ఈస్టిండియా కంపెనీతో యుద్ధం చేస్తున్నాడు. అదే ఏడాది డిసెంబరులో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, దండులోనే కన్నుమూశాడు.

ఆ ఓడ కెప్టెన్ జాషువా బార్నీకి అప్పుడు 22 ఏళ్లు. చుక్కాని పట్టినవాడికి ముందే చెవిలో చెప్పిపెట్టాడు: నేను ఏ పక్కకు తిప్పమని అరుస్తానో, నువ్వు దానికి ఎదురు పక్కకు తిప్పు అని. శత్రువుకి వినబడేలా గట్టిగా అరిచాడు. వాళ్లు ఆ కేక నమ్మి తమ ఓడను అటే తిప్పారు. దాంతో వాళ్ల ఓడ ముందరి కొయ్య హైదర్ అల్లీ తాళ్లలో ఇరుక్కుంది. ఎదురు కాల్పులకు వాళ్ల ఫిరంగులు అందవు, వీళ్లవి మాత్రం ఆ ఓడను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊడ్చేస్తాయి. సుమారు అరగంటలో పెద్ద ఓడ చిన్న ఓడకు లొంగింది.

ఆ పేరు అక్కడికి ఊరికే పోలేదు. 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అమెరికా పక్షాన చేరింది. దాంతో బ్రిటన్, ఫ్రాన్స్‌ల యుద్ధం ఇండియాకీ పాకింది. కంపెనీ ఆ ఏడాదే పుదుచ్చేరిని, 1779లో మాహేను పట్టుకుంది. హైదర్‌కి యుద్ధ సామగ్రి దిగే రేవు మాహే. అది పోయాక ఆయన ఊరుకోలేదు, 1780 జూలైలో కనుమలు దిగి ఆర్కాటు సీమ మీద పడ్డాడు. అమెరికా కోసం మొదలైన యుద్ధంలో చివరి పెద్ద పోరు కూడా మన తీరంలోనే, 1783 జూన్‌లో కడలూరు దగ్గర జరిగింది. యూరప్‌లో సంధి షరతులు కుదిరి నెలలు గడిచినా కబురు ఇంకా ఇక్కడికి చేరలేదు.

తిరుపతిలో గ్రూప్స్‌కి చదివే పిల్లల నోట్సుల్లో ఈ పోరాటం మూడు తేదీలుగా ఉంటుంది: 1773 బోస్టన్ టీ, 1776 ప్రకటన, 1783 సంధి. పక్కన వాషింగ్టన్, జెఫర్సన్ పేర్లు. అది తప్పు కాదు. కానీ ఆ తేదీల మధ్య ఎనిమిదేళ్లు దళాన్ని నిలబెట్టింది చెప్పులు కుట్టేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, నూలు వడికిన ఆడవాళ్లు, బానిసలు. వాళ్ల దగ్గర సైన్యం లేదు, ఖజానా లేదు, మందుగుండు లేదు. ఉన్నదల్లా ఎవరికి వచ్చిన పని వాళ్లకి. యుద్ధం ఆ పనుల మీదే నడిచింది, ఆ పనుల్లో లోటు వచ్చిన చోటే దెబ్బతింది. ఇక్కడ రాస్తున్నది ఆ పనుల గురించే.

ముందు పన్ను సంగతి. 1764లో బ్రిటన్ చెరుకు మడ్డి మీద పన్నును గాలనుకు 6 పెన్సుల నుంచి 3 పెన్సులకు తగ్గించింది. తగ్గిస్తే జనం ఎందుకు మండిపడ్డారని పిల్లలు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. చిత్తూరు బెల్లం మండీలో లావాదేవీలు తెలిసినవాళ్లకు జవాబు వెంటనే తడుతుంది. పాత పన్ను కాగితం మీదే ఉండేది, అధికారి చేతిలో ఇంత పెట్టి సరుకు దించుకునేవాళ్లు. కొత్త పన్ను సగమే అయినా నిజంగా వసూలు చేశారు. పట్టుబడితే విచారణ జ్యూరీ లేని నౌకా కోర్టులో. మడ్డి లేకపోతే రమ్ బట్టీలు ఆగుతాయి, బట్టీలు ఆగితే పీపాలు చేసే వడ్రంగి, ఓడ కూలీ అందరికీ పని పోతుంది. కోపం అక్కడి నుంచి వచ్చింది.

టీ సంగతీ అంతే. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడల నుంచి 342 పెట్టెల కంపెనీ టీని నీళ్లలో పోశారు, దాదాపు 42 టన్నులు. అది చైనా టీ. పోసినవాళ్లలో జార్జ్ రాబర్ట్ ట్వెల్వ్స్ హ్యూస్ అనే చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు, వడ్రంగులు, తాపీవాళ్లు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఉన్నారు. ఒక చిక్కొచ్చింది. అప్పుడు సముద్రం వెనక్కి తగ్గి ఉంది, నీళ్లు లోతు లేవు. పోసిన ఆకు ఓడ పక్కనే కుప్ప పడింది. కుర్రాళ్లు దిగి దాన్ని చెదరగొట్టాల్సి వచ్చింది. జేబుల్లో కాస్త టీ దాచుకోబోయిన వాణ్ని తోటివాళ్లే పట్టుకున్నారు. దొంగతనం అన్న మాట పడకూడదన్న జాగ్రత్త ఆ పనిలో ఆద్యంతం కనిపిస్తుంది.

1774 అక్టోబరు 20న కాంగ్రెస్, అంటే అమెరికా వలసల ప్రతినిధుల సభ, బ్రిటిష్ సరుకుల బహిష్కారం ప్రకటించింది, డిసెంబరు 1 నుంచి అమలు. దీన్ని నడిపిన పద్ధతి చూడాలి. ప్రతి కౌంటీలో, ఊళ్లో ఓటున్నవాళ్లు ఒక కమిటీని ఎన్నుకోవాలి. కమిటీ రేవులో దిగే సరుకు చూస్తుంది, అంగళ్ల లెక్కలు చూస్తుంది. మాట తప్పినవాడి పేరు పత్రికలో వేస్తుంది, ఆ తర్వాత వాడితో ఎవరూ బేరం చేయరు. పెద్ద పదవి ఎన్నడూ ఎరగని రైతులు, కమ్మర్లు మొదటిసారి అధికారం చేతపట్టింది ఈ కమిటీల్లోనే. కొన్నిచోట్ల ఇది శ్రుతి మించింది కూడా. ఒంటికి తారు పూసి ఈకలు అంటించి ఊరేగించడం న్యాయం కాదు, ఎవరు చేసినా.

బట్ట రాకపోతే కట్టుకునేదేమిటి? అవిసె నార, ఉన్ని. అవిసెను వేసవికి ముందు విత్తి, మూడు నెలలకు కోయకుండా వేళ్లతో సహా పీకుతారు, నార పొడవు తగ్గకుండా. ఎండబెట్టి, మంచులోనో నీళ్లలోనో నానవేస్తారు. ఇక్కడే చాలామంది పంట పాడుచేసుకుంటారు. నాన చాలకపోతే నార కాడను వదలదు, ఎక్కువైతే నారే కుళ్లి దారం తెగుతుంది. తర్వాత కాడను విరగ్గొట్టి, చెత్త దులిపి, ఇనుప పళ్ల దువ్వెనలో లాగి, అప్పుడు రాట్నం. ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే నలుగురైదుగురు వడకాలి. అందుకే ఆడవాళ్లు పాస్టరు గారి ఇంట్లోనో మరో చోటో గుంపుగా చేరి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వడికారు. ఖద్దరు మనకు నేర్పిన పాఠాన్ని వాళ్లు నూటయాభై ఏళ్ల ముందే చదువుకున్నారు.

దీనికి కొనసాగింపు 1780లో ఫిలడెల్ఫియాలో. ఎస్తర్ రీడ్ నాయకత్వంలో ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేశారు. కాగితపు డాలర్లలో 3 లక్షలు దాటింది. నాణెంలో లెక్కిస్తే దాని విలువ అందులో చాలా చిన్న వంతు, కాగితం అంత పడిపోయి ఉంది. సైనికుల చేతికి డబ్బే ఇద్దామని వాళ్ల ఆలోచన. సేనాపతి వాషింగ్టన్ చొక్కాలు కావాలన్నాడు. బట్ట కొన్నారు, కుట్టుకూలి ఇవ్వకుండా తామే కుట్టారు. రీడ్ ఆ సెప్టెంబరులోనే చనిపోతే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూతురు సారా ఆ పని పూర్తిచేసింది. 2,000కు పైగా చొక్కాలు, ఒక్కోదాని మీద కుట్టినామె పేరు.

ఇప్పుడు అసలు కొరత. 1775 జూన్ 17న బోస్టన్ పక్కనున్న బంకర్ హిల్ దగ్గర ఊరి దళాలు గట్టిగా నిలబడ్డాయి, బ్రిటిష్ పక్షాన వెయ్యిమందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. చివరికి ఆ గుట్ట వదలాల్సి వచ్చింది, మందు అయిపోయింది కాబట్టి. ఆగస్టులో వాషింగ్టన్ లెక్క తీయిస్తే నిల్వ 36 పీపాలు. మనిషికి తొమ్మిది తూటాల మందం.

తుపాకి మందులో బరువు లెక్కన 75 పాళ్లు సురేకారం (పొటాషియం నైట్రేటు అనే ఉప్పు), 15 బొగ్గు, 10 గంధకం. బొగ్గు ఎక్కడైనా దొరుకుతుంది. గంధకం కొద్దిగా చాలు, కొనుక్కోవచ్చు. చిక్కంతా సురేకారంతోనే. అప్పట్లో లోకంలో మేలైన సురేకారం బీహార్‌ది, అది కంపెనీ చేతుల్లో ఉంది. అంటే శత్రువు ఫిరంగి మన నేల ఉప్పుతో పేలుతోంది, వీళ్లకు ఆ ఉప్పు లేదు. అందుకే కాంగ్రెస్ 1775లో సురేకారం వండే విధానాలు అచ్చువేసి పంచింది.

పని ఇలా జరుగుతుంది. పాత పశువుల కొట్టాల కింద, గుర్రపుశాలల కింద, నేలమాళిగల్లో వాన తగలని మట్టి తవ్వాలి. పశువుల మూత్రం, పేడ ఏళ్ల తరబడి కుళ్లి ఆ మట్టిలో నైట్రేటు చేరి ఉంటుంది. వాన పడిన మట్టి పనికిరాదు, నైట్రేటు నీళ్లలో ఇట్టే కరిగి కొట్టుకుపోతుంది. నాలుక మీద వేస్తే చల్లగా చురుక్కుమనాలి, అదే పరీక్ష. అడుగున చిల్లులున్న పీపాలో గడ్డి పరిచి, మట్టి నింపి, నీళ్లు పోసి, కారిన ఊటను పట్టాలి. ఆ ఊటను కట్టెల బూడిద మీదుగా మళ్లీ వడగట్టాలి. మట్టిలో ఎక్కువగా ఉండేది సున్నపు నైట్రేటు, అది గాలిలో తేమ పీల్చి చెమర్చిపోతుంది. బూడిదలోని పొటాషియం దాన్ని సురేకారంగా మారుస్తుంది, సున్నం అడుక్కి దిగిపోతుంది. బూడిద తగ్గించినవాడి మందు వానాకాలంలో ముద్దవుతుంది.

తర్వాత కాచడం. ఇక్కడ ఓపిక, చూపు రెండూ కావాలి. మామూలు ఉప్పు వేణ్నీళ్లలోనూ చన్నీళ్లలోనూ దాదాపు ఒకేలా కరుగుతుంది, 100 మిల్లీలీటర్లకు 36 నుంచి 39 గ్రాములు. సురేకారం అలా కాదు. మరిగే నీళ్లలో 240 గ్రాములకు పైగా, 20 డిగ్రీల దగ్గర 32 గ్రాములు మాత్రమే. కాబట్టి నీరు ఇంకేకొద్దీ మరుగుతుండగానే ముందు ఉప్పు గడ్డకట్టి అడుక్కి చేరుతుంది. దాన్ని గరిటెతో తోడి పారేయాలి. అప్పుడు దించి చల్లారిస్తే సూదుల్లా సురేకారం దిగుతుంది. తొందరపడి నీరంతా ఇగిరేదాకా కాస్తే రెండూ కలిసి దిగుతాయి. ఉప్పు కలిసిన సురేకారం చూడ్డానికి తెల్లగానే ఉంటుంది, తుపాకిలో మాత్రం చీదుతుంది. మళ్లీ కరిగించి మళ్లీ చల్లార్చితే గానీ శుద్ధి కాదు.

ఇళ్లల్లో ఎందరో దీనికి పూనుకున్నారు. అబిగైల్ ఆడమ్స్ 1776 మార్చి 31న కాంగ్రెస్‌లో ఉన్న భర్త జాన్ ఆడమ్స్‌కి రాసిన ఉత్తరంలో, సురేకారం ఇంకా మొదలుపెట్టలేదు, సబ్బు పని అయ్యాక చూస్తాను, ముందు ఇంటిల్లిపాదికీ బట్టలు తయారుచేయడానికే నా సత్తువ సరిపోతోంది అంటుంది. ఒకే మనిషి, ఒకే వారంలో, సబ్బు, బట్ట, మందు. ఆమె ఉత్తరంలో ‘ఆడవాళ్లను గుర్తుంచుకోండి’ అన్న వాక్యాన్నే అందరూ ఉదహరిస్తారు గానీ, నాకు ఈ వాక్యమే విలువైనదనిపిస్తుంది.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఈ ఇంటి వంట సరిపోలేదు. మొదటి రెండున్నరేళ్లలో వాడిన మందులో దాదాపు తొమ్మిది పదో వంతులు దిగుమతే, నేరుగా మందు రూపంలోనో సురేకారం రూపంలోనో. అందులో ఎక్కువ ఫ్రాన్స్ వైపు నుంచి గుట్టుగా వచ్చింది.

తుపాకి సంగతి కొంచెం. మన అడవి పల్లెల నాటు తుపాకి గురించి విన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కాగితపు పొట్లంలో మందూ గుండూ కలిపి ఉంటాయి. పొట్లం కొన పళ్లతో చించాలి, అందుకే పైనా కిందా ముందు పళ్లు లేనివాడు దళానికి పనికిరాడు. చిటికెడు మందు పక్కనున్న చిన్న గిన్నెలో పోసి మూత వేయాలి, మిగతాది గొట్టంలో పోసి, గుండూ కాగితమూ కడ్డీతో దట్టించాలి, తుపాకి గుర్రం (చెకుముకి రాయి పట్టుకుని ఉండే మీట) వెనక్కి లాగాలి, కాల్చాలి. అలవాటైన చేయి నిమిషానికి మూడుసార్లు. గొట్టం కంటే గుండు కాస్త చిన్నదిగా పోస్తారు, నాలుగైదు కాల్పులకే లోపల మసి కట్టి గొట్టం ఇరుకవుతుంది కాబట్టి. అందుకే గురి కుదరదు, 70, 80 గజాలు దాటితే దేవుడి మీద భారం. అడవి అంచు వేటగాళ్ల రైఫిల్ 200 గజాలకు తగిలేది గానీ నింపడానికి చాలాసేపు పట్టేది, కొనకు బాయ్‌నెట్ (తుపాకి కొసన బిగించే బాకు) ఎక్కేది కాదు. శత్రువు బాయ్‌నెట్లతో పరిగెత్తుకొస్తే రైఫిల్ ఉన్నవాడు పారిపోవాల్సిందే. గిన్నెలో మందు తడిసినా, చెకుముకి రాయి అంచు మొద్దుబారినా, గొట్టంలోకి పోయే చిన్న కన్నం మసితో మూసుకుపోయినా తుపాకి పేలదు. ఆ కన్నం పొడవడానికి ఒక తీగ, తుడవడానికి ఒక చిన్న కుంచె ప్రతివాడి దగ్గరా వేలాడేవి.

గుండుకి సీసం కావాలి. 1776 జూలై 9న న్యూయార్క్‌లో స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించగానే జనం మూడో జార్జి రాజు విగ్రహం పడగొట్టారు. బంగారు పూత పూసిన సీసపు విగ్రహం, గుర్రం మీద రాజు. ముక్కలను కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కి తరలించారు. అక్కడ ఆడవాళ్లూ పిల్లలూ కరిగించి 42,088 గుండ్లు పోశారు, ఎవరెన్ని పోశారో లెక్క కూడా రాసిపెట్టారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మామూలు పొయ్యి చాలు. కానీ అచ్చు ముందు వేడెక్కాలి, చల్లటి అచ్చులో పోస్తే గుండు ముడతలు పడుతుంది. మూకుడులో ఒక్క నీటి చుక్క పడితే సీసం చిమ్మి కళ్లు పోతాయి. ఆ పని పిల్లలు చేశారు.

ఫిరంగులు తెచ్చింది హెన్రీ నాక్స్, బోస్టన్‌లో పుస్తకాల అంగడి నడిపిన 25 ఏళ్లవాడు. ఫిరంగి విద్య ఆయనకు తన అంగట్లోని పుస్తకాల నుంచే వచ్చింది. బోస్టన్‌లో బ్రిటిష్ వాళ్లు కోట కట్టుకుని కూర్చున్నారు, చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర పెద్ద ఫిరంగులు లేవు. 480 కిలోమీటర్ల అవతల టైకాండరోగా కోటలో ఉన్నాయి. నాక్స్ దాదాపు 60 ఎంచుకున్నాడు, మొత్తం బరువు 54 టన్నులు. 1775 డిసెంబరులో బయల్దేరాడు. 42 గట్టి మంచుబండ్లు చేయించాననీ, 80 జతల ఎడ్లు సిద్ధం చేశాననీ వాషింగ్టన్‌కి రాశాడు. తర్వాత గుర్రాలూ వాడారు.

చక్రాల్లేని బండికి మంచు కావాలి, నది దాటడానికి గడ్డకట్టిన నీరు కావాలి. ఆ ఏడాది మంచు ఆలస్యంగా పడింది, హడ్సన్ నది మీద గడ్డ పలచగా ఉంది. వాళ్లు చేసిన ఉపాయం: గడ్డకు చిల్లులు కొట్టి కింది నీటిని పైకి రానిచ్చారు. పైకొచ్చిన నీరు రాత్రికి గడ్డకట్టి పొర మందమవుతుంది. అయినా ఒక పెద్ద ఫిరంగి గడ్డ పగిలి నీళ్లలో మునిగింది. ఆల్బనీ ఊరి జనం వచ్చి తాళ్లు కట్టి లాగి బయటికి తీశారు. బర్క్‌షైర్ కొండల్లో ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. టన్ను బరువు ఎడ్లను తోసుకుంటూ జారిపోతుంది. బండి కింద గొలుసులు, దుంగలు అడ్డం వేసి, వెనక నుంచి తాళ్లను చెట్ల మొదళ్లకు చుట్టి మెల్లగా వదులుతూ దించారు. జనవరి ఆఖరుకి చేరారు.

ఆ ఫిరంగులను బోస్టన్ రేవు కనబడే డార్చెస్టర్ గుట్టల మీదికి ఒక్క రాత్రిలో ఎక్కించాలి, తెల్లారేసరికి వాటికి అడ్డుగోడ ఉండాలి. మార్చి నెల, నేల అడుగున్నర లోతు దాకా గడ్డకట్టి ఉంది, తవ్వడం కుదరదు. అందుకని ముందే కొయ్య చట్రాలు చేసి ఉంచారు. వాటి మధ్య కట్టెల మోపులు, గడ్డి మోపులు పేర్చితే తవ్వకుండానే గోడ లేస్తుంది. 1776 మార్చి 4 రాత్రి సుమారు 1,200 మంది పనిచేశారు, 800 మంది కాపలా. వందల ఎడ్లబండ్లు, చాలావరకు చుట్టుపక్కల రైతుల బండ్లే. చప్పుడు వినబడకుండా దారి పొడుగునా గడ్డి మోపులు అడ్డంగా పేర్చారు, వేరే దిక్కు నుంచి ఫిరంగులు కాలుస్తూ ఉన్నారు. గోడ ముందు మట్టి నింపిన పీపాలు నిలబెట్టారు, శత్రువు ఎక్కొస్తే దొర్లించడానికి. కింది బ్రిటిష్ ఫిరంగుల మూతి అంత ఎత్తుకు లేవదు. దాడికి సిద్ధపడితే తుఫాను వచ్చి ఆగిపోయింది. మార్చి 17న వాళ్లు ఊరు ఖాళీ చేసి ఓడలెక్కారు.

చేపలు పట్టేవాళ్ల వంతు ఆ ఆగస్టులో వచ్చింది. లాంగ్ ఐలాండ్‌లో ఓడిపోయిన 9,000 మందిని 29 రాత్రి నది దాటించింది జాన్ గ్లోవర్ దళం, మార్బుల్‌హెడ్ పల్లెకారులు. తెడ్లకు గుడ్డలు చుట్టి, పోటూ పాటూ చూసుకుంటూ ఒకే రాత్రి దాటించారు, తెల్లవారుజామున మంచు పొగ కూడా కలిసొచ్చింది. డిసెంబరు 25 రాత్రి డెలావేర్ నది మీదా వాళ్లే. 2,400 మంది, 18 ఫిరంగులు, గుర్రాలు, పైన వడగళ్లు, నదిలో మంచు పెళ్లలు. వాడినవి డర్హమ్ పడవలు, ఇనుప ఖనిజం మోసే 40 నుంచి 60 అడుగుల అడుగు చదునైన పడవలు. అర్ధరాత్రికి అవ్వాల్సిన పని మూడు గంటలకు అయింది. 9 మైళ్లు నడిచి ట్రెంటన్‌లో సుమారు 900 మంది జర్మన్ కిరాయి సైనికులను పట్టుకున్నారు.

ఫిరంగి దగ్గర నీళ్లెందుకో తెలిస్తే మేరీ హేస్ చేసిన పని విలువ తెలుస్తుంది. ఒక్కో కాల్పు తర్వాత గొట్టంలో సంచి గుడ్డ ముక్కలు నిప్పుగా మిగులుతాయి. తడి కుంచెతో ఆర్పకుండా కొత్త మందు దించితే దించేవాడి చేతులు పోతాయి. కుంచె తోస్తున్నంతసేపూ ఇంకొకడు పైన ఉన్న కన్నం మీద తోలు తొడుగు వేసిన బొటనవేలు నొక్కి ఉంచాలి. వేలు తీస్తే గాలి ఆడి నిప్పు రాజుకుంటుంది. 1778 జూన్ 28న మాన్మత్ దగ్గర ఎండ 38 డిగ్రీలకు దగ్గరగా ఉంది, మన రోహిణి కార్తె ఎండ. తాగడానికీ, కుంచె తడపడానికీ మేరీ ఊట నీళ్లు మోసింది. భర్త పడిపోతే ఫిరంగి దగ్గర ఆయన చోట నిలబడింది.

అయితే ఈ యుద్ధంలో గుండు తగిలి చనిపోయినవాళ్ల కంటే రోగాలతో పోయినవాళ్లు రెట్టింపు పైనే. మశూచి వల్లే కెనడా మీదికి వెళ్లిన దళం కుప్పకూలింది. ఏటా గంగమ్మ జాతర చేసుకునే మన ఊళ్లకు ఆ జబ్బు భయం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. 1777 ఫిబ్రవరిలో వాషింగ్టన్ సైన్యానికంతా టీకా వేయమన్నాడు. జెన్నర్ ఆవు మశూచి టీకా ఇంకా రాలేదు. ఇది పాత పద్ధతి: జబ్బు మనిషి పొక్కులోని రసిని చేతి మీద చిన్న గాటులో పెట్టడం. వారం పది రోజులకు జ్వరం, కొద్ది పొక్కులు, మూడు నాలుగు వారాలు విడిగా ఉంచడం. మామూలుగా సోకితే ఏడుగురిలో ఒకరు పోతారు, ఇలా చేస్తే యాభైమందిలో ఒకరు. విడిగా ఉంచకపోతే వాళ్ల నుంచే ఊరంతా అంటుకుంటుంది. ఒకేసారి అందరికీ వేస్తే సైన్యం మంచం పడుతుంది, శత్రువుకు తెలిస్తే అంతే. కాబట్టి గుట్టుగా, విడతలుగా వేశారు. బోస్టన్ 1721లో వాడిన ఈ విద్యను అంతకు ముందే అక్కడివాళ్లకు చెప్పింది ఒనెసిమస్ అనే ఆఫ్రికా బానిస.

1777 డిసెంబరు నుంచి ఆరు నెలలు వ్యాలీ ఫోర్జ్‌లో సుమారు 12,000 మంది బస చేశారు. 14 అడుగులకు 16 అడుగుల దుంగల గుడిసె, సందుల్లో బంకమట్టి, గుడిసెకు 12 మంది. రోజుకి మనిషికి ఒక పౌను మాంసం, ఒక పౌను రొట్టె లేదా పిండి అని కాగితం మీద ఉంది. బండ్లు నడవక చాలా రోజులు పిండి, నీళ్లు కలిపి నిప్పు మీద కాల్చిన రొట్టే గతి. దాదాపు 2,000 మంది జబ్బులతో పోయారు. ఒనైడా తెగవాళ్లు మొక్కజొన్న మోసుకొచ్చారు. పాలీ కూపర్ అనే ఆమె దాన్ని ఎలా వండాలో నేర్పిందని ఆ తెగవాళ్లు చెబుతారు, ఉడకని గింజ తింటే కడుపులో ఉబ్బుతుంది.

మరి స్వేచ్ఛ ఎవరికి దక్కింది? అప్పటి 25 లక్షల జనాభాలో అయిదో వంతు నల్లవాళ్లు, దాదాపు అందరూ బానిసలే. 1770 మార్చి 5న బోస్టన్‌లో కాల్పుల్లో ముందు పడిపోయిన క్రిస్పస్ ఆటక్స్ నల్ల నావికుడు. కాంగ్రెస్ నిలబెట్టిన కాంటినెంటల్ సైన్యంలో సుమారు 5,000 మంది నల్లవాళ్లు పనిచేశారు. రోడ్ ఐలాండ్ 1778లో, దళంలో చేరితే విముక్తి అని చట్టం చేసింది, యజమానికి ధర కట్టింది, యజమానులు గోల చేస్తే కొన్ని నెలలకే ఆపేసింది. అవతల బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ 1775 నవంబరులోనే, తిరుగుబాటుదారుల బానిసలు తన వైపు వస్తే విముక్తి అన్నాడు. వేలమంది అటు పోయారు, వాళ్లను తప్పుపట్టలేం. వర్జీనియాలో జేమ్స్ అనే బానిస, అమెరికా పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెట్ కోసం బ్రిటిష్ దండులో గూఢచారిగా పనిచేశాడు. యుద్ధం అయ్యాక, ఆయుధం పట్టిన బానిసలకే విముక్తి, గూఢచారికి కాదన్నారు. లఫాయెట్ స్వయంగా ధ్రువపత్రం రాసిచ్చాక, 1787లో గానీ విడుదల కాలేదు. మూలవాసుల తెగలు రెండుగా చీలాయి. 1779లో వాషింగ్టన్ పంపిన సైన్యం బ్రిటన్ పక్షాన ఉన్న ఇరక్వా తెగల ఊళ్లు 40కి పైగా తగలబెట్టింది, నిల్వ ధాన్యంతో సహా. తెల్లవాళ్లలోనూ అయిదో వంతు రాజపక్షమే, 60,000 మందికి పైగా దేశం వదిలిపోయారు. ఇవి వదిలేసి రాస్తే అది ఈ పోరాటం కథ కాదు.

జీతాల సంగతి ఇంకా దారుణం. కాంగ్రెస్ ముద్రించిన కాగితపు డాలర్లు 1781కి చెత్తతో సమానమయ్యాయి. ఆ ఏడాది జనవరి 1న పెన్సిల్వేనియా దళాలు జీతం కోసం తిరగబడ్డాయి. బ్రిటిష్ వాళ్లు డబ్బు ఆశ చూపితే ఆ కబురు తెచ్చినవాళ్లను పట్టి అప్పగించారు గానీ అటు పోలేదు.

ఈ మామూలు మనుషుల గురించి మనకు ఇంత తెలియడానికి కారణం పెన్షన్ దరఖాస్తులు. 1800లో యుద్ధ కార్యాలయం తగలబడి దస్త్రాలు పోయాయి, కాబట్టి సేవ చేశానని ఎవరికివారే రుజువు చూపుకోవాలి. 1818 చట్టం పేదవాళ్లకే, సిపాయికి నెలకు 8 డాలర్లు. 1820లో ఆస్తి జాబితా కూడా ఇమ్మన్నారు. పదిహేనేళ్లకే దళంలో చేరి చివరిదాకా ఉన్న జోసెఫ్ ప్లమ్ మార్టిన్ రాయించిన జాబితాలో రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది. 1832 చట్టం పేదరికం షరతు తీసేసింది. ఆరు నెలలు పైబడితే కొంత, రెండేళ్లకు పూర్తి జీతం, ఊరి దళం సేవా లెక్కలోకి వచ్చింది.

1832 దరఖాస్తుదారు కోర్టులో నిలబడి వరుసగా చెప్పాలి: ఎక్కడ, ఏ ఏడాది పుట్టావు, వయసుకి ఆధారం ఉందా, పిలుపు వచ్చినప్పుడు ఎక్కడున్నావు, నీ అంతట నువ్వే చేరావా, నిర్బంధంగా వంతు పడి వెళ్లావా, డబ్బు తీసుకుని ఇంకొకడి బదులు పోయావా, నీ అధికారులెవరు, విడుదల చీటీ ఉందా, నిన్ను ఎరిగిన ఇరుగుపొరుగు ఎవరు. అమెరికా జాతీయ పురాలేఖల భాండాగారంలో ఇలాంటి దస్త్రాలు సుమారు 80,000 ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చదవొచ్చు. మొదటిసారి చదివేవాళ్లకు ఒక సూచన. చెప్పినవాళ్లకు అప్పటికి డెబ్భై, ఎనభై ఏళ్లు. తేదీలు తరచూ తప్పుతాయి, పెద్ద యుద్ధాల్లో లేకున్నా ఉన్నట్టు చెప్పుకున్నవాళ్లున్నారు. కెప్టెన్ పేరు, మోసిన సరుకు, నడిచిన దారి, అందని జీతం మాత్రం చాలావరకు సరిగ్గా చెబుతారు. తేదీని ఆ దళం హాజరు పట్టీతో సరిచూసుకుని, మిగతాది వాళ్ల మాటల్లోనే చదవండి.